తాళంచెవుల సూర్యుడు

ఆ రోజు పొద్దున బంకమ్మ వేసుకున్న ప్రణాళికలో మూడే మూడు పనులున్నాయి. కాఫీ తాగడం, సూర్యుణ్ణి మూడో అంతస్తు నుంచి కిందికి దించడం, పదకొండింటికి వచ్చే అతిథికి హాల్లో బొమ్మలు చూపించడం. వీటిలో మొదటిది మాత్రం అనుకున్నట్టే జరిగింది.

బంకమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆ అపార్ట్‌మెంటు వాళ్ళు పెట్టింది. ఆమె చేతికి దొరికిన ఏ వస్తువూ మళ్ళీ మామూలు వస్తువుగా బయటికి రాదు, ఏదో ఒక చెక్క మీద అతుక్కుని, రంగు పూసుకుని బొమ్మలో భాగమై వస్తుంది. ఆ పేరు తన చెవిన పడ్డ రోజున ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. "నిజమే కదా, బంక లేకపోతే నేను లేను" అని, మర్నాటి నుంచి బొమ్మల మూలన అదే పేరుతో సంతకం పెట్టడం మొదలుపెట్టింది. 

పన్నెండేళ్ళ క్రితం ఓ కప్పు పగలడంతో మొదలైంది ఇదంతా. పెంకులు ఊడ్చి పారేయబోతూ, చేటలో అవి పడ్డ తీరు బాగుందనిపించి, పాత క్యాలెండరు అట్ట మీద అలాగే అతికించింది. అప్పట్లో బంకంటే ఆమెకు తెలిసింది మైదాపిండి ఒక్కటే. అందుకని మొదటి రెండు బొమ్మల్నీ చీమలకు సమర్పించుకుంది. మూడోది ఎండకు బొబ్బలెక్కింది. అవే కప్పు పెంకులతో చేసిన నాలుగోది నిలిచింది. దర్జీ దగ్గర కుట్లు నేర్చుకుంది, వడ్రంగి మేస్త్రి దగ్గర చెక్క అతకడం, మరలు బిగించడం నేర్చుకుంది, మైనం కరిగించి పూయడం మాత్రం వేళ్ళు కాల్చుకుని తనంతట తనే నేర్చుకుంది. మెట్ల కింద ఓ రేకు డబ్బా పెట్టి, 'మీకు పనికిరానిది నాకు పనికొస్తుంది' అని రాసింది. జనం బొత్తాలు వేశారు, చిరిగిన కర్టెను ముక్కలు వేశారు, ఆగిపోయిన గడియారాలు, ఖాళీ మందు అట్టలు, ఎక్కడివో తెలియని తాళంచెవులు వేశారు. ఎవరో అరటి తొక్క కూడా వేశారు. అదొక్కటే ఆమె వాడలేదు.

బొమ్మ చేయడం ఎంత ఇష్టమో, చూపించడం అంతకు రెండింతలు ఇష్టం ఆమెకు. ఎవరో ఒకరు దాని ముందు ఆగి, "ఇదేంటి, మా కుర్చీ గుడ్డలా ఉందే" అని వేలితో ముట్టుకుంటేగానీ ఆ బొమ్మ పూర్తయినట్టు అనిపించదు. కానీ పన్నెండేళ్ళుగా ముట్టుకున్నది ఇంట్లోవాళ్ళూ, మేస్త్రీ, దారి తప్పి తలుపు తట్టిన వాళ్ళూ మాత్రమే. ఇన్నాళ్ళకు నగరంలోని చిత్రశాల వాళ్ళు ఉత్తరం రాశారు: మా ప్రతినిధి ఫలానా రోజు పదకొండింటికి వచ్చి చూస్తారు, పన్నెండున్నర రైలుకు వెళ్ళిపోతారు, నచ్చితే ఒక బొమ్మను మూడు నెలలు మా దగ్గర పెడతాం, వేరే తేదీ ఇవ్వడం వీలుపడదు. ఆ ఉత్తరం చదివాక ఆమె గంతులేమీ వేయలేదు. "ఇప్పటికి తెలిసిందన్నమాట వాళ్ళకి" అంది.

ఇరవై రెండు బొమ్మల్ని ముందురోజే అసోసియేషన్ హాల్లోకి చేర్చి గోడలకు తగిలించారు. ఇరవై మూడోది, అన్నిటికన్నా పెద్దది, చివరి పూత ఆరక ఇంట్లోనే ఉండిపోయింది. అదే సూర్యుడు. నాలుగడుగుల గుండ్రటి చెక్క. దాని అంచు చుట్టూ కిరణాల్లాగా నలభై ఎనిమిది తాళంచెవులు. వాటి తలల్ని రెండు పలకల మధ్య ఇరికించి, బంక పోసి, మరలు బిగించింది. పళ్ళున్న వైపు బయటికి పొడుచుకుని ఉంటుంది. అన్నిటికీ ఒకటే పసుపు రంగు.

తొమ్మిదిన్నరకు ఆమె భర్త హాలు తెరవడానికి కిందికి దిగాడు. ఆయన ఆ ఏడాది అసోసియేషన్ కార్యదర్శి. చీటీ కట్టని వస్తువును చూస్తే ఆయనకు నిద్ర పట్టదు. చక్కెర డబ్బా మీద చక్కెర అనీ, ఉప్పు డబ్బా మీద ఉప్పనీ అందరూ రాసుకుంటారు. ఈయన గోడ గడియారం వెనక 'గోడ గడియారం' అని రాసి అంటించిన మనిషి. అలాంటివాడు 'హాలు' అని చీటీ కట్టి ఉన్న తాళంచెవిని తాళంలో పెట్టి తిప్పితే, అది తిరగలేదు. నూనె పోశాడు. ఊదాడు. బతిమాలాడు. అది తిరగలేదు.

"ఏదీ, ఇలా తే" అంది వెనకే వచ్చిన ఆయన తల్లి. కళ్ళజోడు పైకి నెట్టి, తాళంచెవిని కిటికీ వెలుగులో పట్టి చూసింది. "ఒరే, ఇది హాలుది కాదురా. మన పాత స్కూటరుది. గేటుకి గుద్దినప్పుడు వంగింది చూడు, ఇక్కడ."

"చీటీ మీద హాలని ఉంది కదమ్మా."

"చీటీ రాసింది నువ్వే కదా."

కార్యదర్శి ముఖంలో రంగులు మారాయి. ఎనిమిది నెలల క్రితం రెండు తాళంచెవులకు ఒకేసారి చీటీలు కట్టిన సంగతి గుర్తొచ్చింది. స్కూటరు ఎలాగూ తుక్కు కిందికి పోయిందని, 'స్కూటరు' అని చీటీ ఉన్న దాన్ని తీసి, "నీ కళకు నా వంతు" అంటూ భార్య డబ్బాలో వేసిన సంగతీ గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన ఎంత గర్వపడ్డాడో కూడా గుర్తొచ్చింది. అదే ఎక్కువ బాధించింది.

హాలు తాళం, తలుపు లాగగానే దానంతట అదే పడిపోయే రకం. తొమ్మిది నెలలుగా మరమ్మతులు నడుస్తున్నందువల్ల తలుపుకు ఇటుక అడ్డం పెట్టి ఉంచారు, తాళంచెవితో ఎవరికీ పని పడలేదు. నిన్న సాయంత్రం బొమ్మల భద్రత కోసం ఆ ఇటుకను తీసి, తలుపు లాగి, రెండుసార్లు నెట్టి చూసుకుని మరీ పైకి వెళ్ళింది ఈయనే.

సంగతి విని బంకమ్మ కిందికి వచ్చింది. "రెండో తాళంచెవి ఉండాలి కదండీ" అంది.

"ఉంది. చాలా భద్రంగా ఉంది."

"ఎక్కడ?"

"హాల్లో బీరువాలో."

 పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో ఎప్పుడు అనాలో, ఎప్పుడు అనకూడదో బంకమ్మకు బాగా అర్థమైపోయింది. అత్తగారే అంది: "వీడు చిన్నప్పుడూ ఇంతే. పలక పోకుండా పలక సంచీలో పెట్టేవాడు, సంచీ పోకుండా బడిలో వదిలేసి వచ్చేవాడు."

కిటికీలకు ఇనుప ఊచలు. తలుపేమో రెండంగుళాల మందం. మేస్త్రి అదృష్టవశాత్తూ రెండో అంతస్తులో అలమరలు బిగిస్తున్నాడు. పిలిస్తే వచ్చి, మూడో అంతస్తుకెక్కి సూర్యుడి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"రంపం పెడితే పది నిమిషాల పనమ్మా. కోసి తీసేద్దాం" అన్నాడు.

"ఏది కోస్తావు మేస్త్రీ?"

"హాలుది."

"హాలుది ఏదో తెలుసా?"

మేస్త్రి మళ్ళీ ఓసారి చూశాడు. నలభై ఎనిమిదీ పచ్చగా, ఒకే తల్లి పిల్లల్లాగా ఉన్నాయి. "తెలీదు. అన్నీ కోసేస్తే అందులో అదీ ఉంటుంది" అన్నాడు.

"దానికన్నా తలుపు కోసెయ్."

"తలుపు అసోసియేషన్ ఆస్తి" అన్నాడు కార్యదర్శి కంగారుగా. "దాన్ని ముట్టుకోవాలంటే సమావేశం పెట్టాలి, పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పోనీ ఒక్కటే కిరణం కదోయ్. మళ్ళీ అతికించుకోవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు?"

"గొడ్డలి తెమ్మంటున్నది మీరు" అంది బంకమ్మ. "నా బొమ్మలోంచి ఒక్క బొత్తాం కూడా ఊడదు. ఊడేలా నేను అతికించను. పన్నెండేళ్ళు పట్టింది అది నేర్చుకోవడానికి."

ఆమె కాసేపు సూర్యుడి వైపు, కాసేపు భర్త చేతిలోని స్కూటరు చెవి వైపు చూసింది. గడియారంలో పది అవుతోంది. ఆమె గొంతులో తొందర కూడా లేదు. "చెవిని బొమ్మలోంచి తీయడం కుదరదు. అంతే కదా? అయితే బొమ్మనే తాళం దగ్గరికి తీసుకెళ్దాం. ఎలాగూ కిందికి దించాల్సిందే."

మేస్త్రి గాలిలో చెయ్యి తిప్పి చూసుకుని, "తిరుగుతుందమ్మా" అన్నాడు. "చెవి తిరగాలంటే బొమ్మంతా తిరగాలి. గట్టిగా పట్టుకుంటే తిరుగుతుంది. కానీ ఆ బరువుకి చెవి వంగిపోతే? మధ్యలో ఊడొస్తే?"

"ఆ బంక ఎవరిచ్చారు?"

"నేనే."

"మరి?"

మేస్త్రి వెళ్ళి ఓ అంచు పట్టుకున్నాడు. తన సరుకును తనే అనుమానించుకోవడం వ్యాపారస్తుడికి మంచిది కాదు.

సూర్యుడు లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీదుగానే దించారు, ముందు మేస్త్రి, వెనక దంపతులు, ఆ వెనక సలహాలిస్తూ అత్తగారు. రెండో అంతస్తులో లెక్కల మాస్టారు తలుపు తీసి బయటికి వచ్చాడు. ఉద్యోగం నుంచి విరమించి ఆరేళ్ళయినా ఆయన నడకలో ఇంకా బెత్తం ఉంది. ముప్ఫై ఏళ్ళ నౌకరీలో ఆయన నవ్వగా చూసిన విద్యార్థి లేడని చెబుతారు. ఆయన బొమ్మ ముందు నిలబడి కళ్ళు చిన్నవి చేశాడు. సూర్యుడి ముఖం మధ్యలో తెల్లటి పళ్ళవరుస ఒకటి, ప్లాస్టరు అచ్చు, ధారాళంగా నవ్వుతోంది.

"ఈ నవ్వు నేనెక్కడో చూశాను" అన్నాడు.

ఎదురు ఫ్లాటులో ఉండే పళ్ళ డాక్టరమ్మ అప్పుడే ఆసుపత్రికి బయలుదేరుతోంది. ఆమె కొంచెం తడబడింది. "మీదే మాస్టారూ. మీకు కట్టుడు పన్ను పెట్టినప్పుడు తీసిన అచ్చు. పాతవి ఎక్కడ పారేయాలో తెలియక ఆ డబ్బాలో వేశాను."

మాస్టారు చాలాసేపు చూశాడు. గొడవ తప్పదని కార్యదర్శి గుండె చిక్కబట్టుకున్నాడు. "బాగానే ఉందే" అన్నాడు మాస్టారు చివరికి. "నాకు తెలియదు ఇన్నాళ్ళూ." ఆ తర్వాత విషయమంతా విని, ఆ క్షణం నుంచి నాయకత్వం తన చేతుల్లోకి తీసుకున్నాడు. డాక్టరమ్మ కూడా అపరాధ భావంతో చేతిసంచీ పక్కన పెట్టి ఓ అంచు పట్టుకుంది. మొదటి అంతస్తులో ఓ ముసలాయన తన కోటు బొత్తాన్ని గుర్తుపట్టాడు. ఇంకొకావిడ, "ఇదిగో మా వంటింటి కర్టెను, ఇది పోయినందుకు పనమ్మాయిని ఎంత అన్నానో" అని నాలుక కరుచుకుంది. కింది అంతస్తుకు చేరేసరికి సూర్యుడి చుట్టూ ఓ ఊరేగింపంత జనం. బొమ్మ బరువు తెలియడం లేదు బంకమ్మకు. ముట్టుకుంటున్న ప్రతి చేతినీ చూసి ముఖం వెలిగిపోతోంది.

"ముందు లెక్క చూద్దాం" అన్నాడు మాస్టారు హాలు తలుపు ముందు. "పెట్టె తాళాలవీ, సైకిలు తాళాలవీ తీసేస్తే ఈ తలుపుకు పట్టే సైజువి ఎన్ని?"

మేస్త్రి వేలు పెట్టి లెక్కించాడు. "పంతొమ్మిది."

"ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు. నలభై ఏడున్నర నిమిషాలు. ఇప్పుడు పదీ పదిహేను. ఆఖరిది అయినా సరే పదకొండూ రెండున్నరకు తలుపు తెరుచుకోవాలి. పట్టండి."

చెప్పినంత తేలిక కాదది. బొమ్మను నిలువుగా, దాని అంచు తలుపు వైపు ఉండేలా పట్టుకోవాలి. ఒక కిరణాన్ని తాళంలోకి దూర్చాలి. అప్పుడు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు కలిసి మొత్తం సూర్యుణ్ణి తిప్పాలి. మాస్టారు "కుడికి" అన్నాడు. ఇటువైపు వాళ్ళు కుడికి నెట్టారు, అటువైపు వాళ్ళూ తమ కుడికే నెట్టారు. సూర్యుడు కిర్రుమన్నాడు గానీ కదల్లేదు.

"గడియారం తిరిగే వైపు" అన్నాడు మాస్టారు.

"అది మీరు నిలబడ్డ వైపు నుంచండీ. మాకు గడియారం వెనక్కి తిరుగుతుంది" అన్నాడు అటు నుంచి కార్యదర్శి.

చివరికి అత్తగారు పరిష్కరించింది. "పై చేతులు వీధి వైపు, కింది చేతులు మెట్ల వైపు. అంతే" అంది. లెక్కల మాస్టారు ఆ మాటను తనదిగా చేసుకుని మళ్ళీ గట్టిగా ప్రకటించాడు.

మొదటి చెవి పట్టలేదు. రెండోది లోపలికి వెళ్ళింది గానీ తిరగలేదు. మూడోదాని దగ్గర మొదటి అంతస్తు ముసలాయన నడుము పట్టేసిందని తప్పుకున్నాడు. ఒక మనిషి తక్కువయ్యాడు. సరిగ్గా అప్పుడు, భుజానికి గుడ్డ సంచీ తగిలించుకుని, చెమటలు కక్కుతూ ఓ ఆవిడ వసారాలోకి వచ్చి, ఈ తతంగాన్ని చూస్తూ నిలబడిపోయింది.

"ఏమ్మా, ఖాళీగానే ఉన్నారుగా" అన్నాడు మాస్టారు. "ఆ కింది అంచు పట్టుకోండి."

"నేనూ..."

"మాట తర్వాత. ముందు పట్టు."

ఆవిడ సంచీ కింద పెట్టి, కూర్చుని, కింది అంచు పట్టుకుంది. ఆవిడెవరని ఎవరూ అడగలేదు. పై అంతస్తుల వాళ్ళు కింది వాళ్ళ చుట్టమనుకున్నారు, కింది వాళ్ళు పై వాళ్ళ చుట్టమనుకున్నారు. అయిదో చెవి దగ్గర ఆవిడ మళ్ళీ నోరు తెరవబోతే, "పొద్దున ఏమీ తినలేదామ్మా, పట్టు సడలుతోంది" అని కార్యదర్శి విసుక్కున్నాడు. ఆవిడ నవ్వి, మరింత గట్టిగా పట్టుకుంది.

ఆవిడ తల సరిగ్గా బొమ్మ కింది భాగానికి ఎదురుగా ఉంది. పక్కనే బంకమ్మ. చెవి మార్చేటప్పుడల్లా కాస్త విరామం దొరుకుతోంది.

"ఈ నీలం ఏంటండీ? రంగులా లేదు" అని ఆవిడ మెల్లిగా అడిగింది.

"మందు అట్టల రేకు" అంది బంకమ్మ. ఎవరైనా అడగడమే చాలు ఆమెకు. "గోటితో సాపు చేసి, పైన మైనం పూసి, నీలం రుద్ది తుడిచేశాను. గీతల్లో మిగిలిందే ఇది. మా అత్తయ్య రెండేళ్ళు మింగిన మాత్రలు."

"మరి ఈ కుట్లు?"

"అది చొక్కా కాలరు. అతికిస్తే బల్లపరుపుగా ఉంటుంది. కుడితే చూడండి, నీడ పడుతుంది. వేలు పెట్టండి, ఏం కాదు. పెట్టండి."

ఆవిడ ఒక చేతితో అంచు మోస్తూ, రెండో చేతి వేలితో ఆ కుట్లను తడిమింది. తర్వాత బస్సు టికెట్ల మబ్బు గురించి అడిగింది. గడియారపు ముళ్ళ పిట్టల గురించి, పక్షి ఒకటి ఎందుకు తలకిందులుగా ఉందో దాని గురించి అడిగింది. "అది తప్పు. అతికించాక చూసుకున్నాను. తర్వాత అదే బాగుందనిపించింది" అంది బంకమ్మ. పదకొండు అవుతున్న సంగతి కూడా ఆమె మరిచిపోయింది. ఇంత దగ్గరగా, ఇంతసేపు, అంగుళం అంగుళం తన బొమ్మను చూసిన మనిషి పన్నెండేళ్ళలో ఆమెకు తగల్లేదు. చెప్పాలంటే ఆ క్షణాన తలుపు తెరుచుకోకపోయినా ఆమెకు పెద్ద బాధ ఉండేది కాదు.

బాధంతా కార్యదర్శిది. పదకొండు కొట్టింది. పద్నాలుగో చెవి తాళంలో ఉంది. గేటు తోసుకుని, చేతిలో ఫైలు, జేబులో పెన్ను, ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని ఓ ఆవిడ గంభీరంగా లోపలికి వచ్చింది.

"వచ్చేశారు" అని కార్యదర్శి సూర్యుణ్ణి వదిలేశాడు. ఆ వైపు బరువంతా డాక్టరమ్మ మీద పడింది. ఆమె "అయ్యో" అనేలోగా కింద కూర్చున్న ఆవిడ భుజం ఆనించి ఆపింది. ఆవిడ జాకెట్టు చేతికి పసుపు రంగు అంటుకుంది. కార్యదర్శి చోట జనంలోంచి ఇంకొకరు వచ్చి పట్టుకున్నారు.

కార్యదర్శి పరుగున వెళ్ళి ఫైలు ఆవిడకు కుర్చీ వేశాడు. పూలగుత్తి ఇచ్చాడు. కాఫీ తెప్పించాడు. "దయచేయండి మేడమ్. చిన్న సాంకేతిక కారణం వల్ల ఐదు నిమిషాలు ఆలస్యం."

"నేను ముందు ఆ మీ..."

"ముందు కాఫీ తీసుకోండి. అన్నీ చూపిస్తాం."

ఎన్నో ఇళ్ళు తిరిగే ఉద్యోగం ఆవిడది. మంచినీళ్ళు కావాలా అని అడిగిన గుమ్మం ఇంతవరకూ లేదు. అందుకని కుర్చీలో వెనక్కి వాలి కాఫీ తాగింది. ఎదురుగా ఆరుగురు ఓ చక్రాన్ని తలుపులోకి గుచ్చి తిప్పుతున్నారు. ఇక్కడ పద్ధతి ఇదేనేమో అనుకుంది.

"ఎలా ఉందంటారు?" అన్నాడు కార్యదర్శి చేతులు నలుపుకుంటూ.

"బరువుగా ఉన్నట్టుంది" అంది ఆవిడ నిజాయితీగా.

ఆయన భార్య దగ్గరికి పరుగెత్తాడు. "విన్నావా, బరువుంది అన్నారు. పెద్ద మాట. తొందరగా కానివ్వండి."

పదిహేనోది వెళ్ళలేదు. పదహారోది వెళ్ళింది, ఇరుక్కుంది, మేస్త్రి నూనె పోసి తీశాడు. మాస్టారు లెక్క ప్రకారం ఆలస్యం అవుతున్నందుకు అందరి మీదా కోప్పడ్డాడు. పదిహేడో చెవి మెత్తగా లోపలికి జారింది.  పై చేతులు వీధి వైపు, కింది చేతులు మెట్ల వైపు నెట్టాయి. సూర్యుడు మెల్లిగా ఒరిగాడు. బల్లలా అడ్డంగా అయ్యాడు. పలకల మధ్య ఏదో టక్కుమంది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

"అది తాళం" అంది బంకమ్మ. "నా బంక కాదు."

నిజమే. తలుపు లోపలికి కదిలింది. చెవి ఇంకా తాళంలోనే ఉంది కాబట్టి తలుపుతో పాటు సూర్యుడు, సూర్యుడితో పాటు పట్టుకున్న ఆరుగురు, వాళ్ళ వెనక మిగతా జనం, అందరూ ఒకే ముద్దగా హాల్లోకి వెళ్ళిపోయారు. మేస్త్రి చెవి బయటికి లాగి, వంగిందేమోనని వేలితో రాసి చూశాడు. వెంట్రుకవాసి కూడా వంగలేదు. ఆయన బంకమ్మకు ఓ నమస్కారం పెట్టాడు.

కార్యదర్శి ఫైలు ఆవిడను సగౌరవంగా లోపలికి తీసుకొచ్చి, గొంతు సవరించుకుని, ముందురోజు రాత్రి బట్టీపట్టిన స్వాగతోపన్యాసం మొదలుపెట్టాడు. కళ, జీవితం, అసోసియేషన్ అన్న మూడింటి మీదా నాలుగేసి వాక్యాలు చెప్పాడు. "ఇప్పుడు చిత్రశాల ప్రతినిధి గారు మాట్లాడతారు" అని పక్కకు తప్పుకున్నాడు.

ఫైలు ఆవిడ చుట్టూ చూసింది. చేతిలో పూలగుత్తి ఉంది, కడుపులో కాఫీ ఉంది, ఏదో ఒకటి అనకపోతే బాగుండదనుకుంది. "అన్నీ బాగున్నాయండీ. చాలా ఓపికగా చేశారు. నీళ్ళ మీటరు ఎక్కడుందో చూపిస్తే రీడింగు తీసుకుని వెళ్ళిపోతాను."

 కార్యదర్శి కాళ్ళ కింద నేల చీలితే అందులోకి దూరిపోయేవాడే, కానీ నేల కూడా అసోసియేషన్‌దే. "మరి చిత్రశాల నుంచి..." అన్నాడు పీలగా.

"నేనేనండీ" అంది జాకెట్టు చేతికి రంగంటిన ఆవిడ, మోకాళ్ళు దులుపుకుంటూ. "ముందు బస్సుకే వచ్చేశాను. రెండుసార్లు చెప్పబోయాను. మాట తర్వాత అన్నారు."

మాస్టారు పైకప్పు వైపు చూశాడు. కార్యదర్శికి 'పొద్దున ఏమీ తినలేదా' అన్న తన మాట తనకే వినబడింది. అత్తగారు మాత్రం వెంటనే, "ఒరే, ఇంకో కాఫీ తీసుకురా" అంది.

చిత్రశాల ఆవిడ మిగతా ఇరవై రెండు బొమ్మల్నీ తిరిగి చూసింది. కప్పు పెంకుల దాని ముందు ఎక్కువసేపు నిలబడింది. చివరికి సూర్యుడి దగ్గరికే వచ్చింది. "ఇరవై ఏళ్ళుగా బొమ్మల్ని చూసి ఎంచుకుంటున్నాను. మోసి ఎంచుకోవడం ఇదే మొదలు. ఇది పంపించండి. మూడు నెలలు ఉంచుకుంటాం" అంది.

బంకమ్మకు కళ్ళు చెమర్చాయి. "తప్పకుండా" అని మాత్రం మామూలుగానే అంది.

"అదెలా కుదురుతుంది?" అన్నాడు మాస్టారు. అందరూ ఆయన వైపు తిరిగారు. "మూడు నెలలు నా నవ్వు ఊళ్ళో లేకపోతే ఎలా?"

"నా కోటు బొత్తాం" అన్నాడు ముసలాయన. కర్టెను ఆవిడ, అది చూపించి పనమ్మాయికి క్షమాపణ చెప్పుకుందామనుకున్నానంది. డాక్టరమ్మ ఆ బొమ్మను తన ఆసుపత్రిలో పెట్టుకుందామని అప్పుడే మనసులో చోటు కూడా చూసేసింది. ఇన్నేళ్ళుగా ఆ డబ్బాను చెత్తబుట్ట అన్నవాళ్ళందరికీ సూర్యుడు ఒక్క పూటలో సొంత ఆస్తి అయిపోయాడు. కార్యదర్శి కూడా చేయెత్తాడు. "అందులో హాలు తాళంచెవి ఉంది. అది అసోసియేషన్..."

"బీరువాలో రెండోది ఉందన్నారు కదండీ" అంది బంకమ్మ.

ఆయన బీరువా తెరిచి తెచ్చాడు. తాళానికి సరిగ్గా పట్టింది. దానికి కట్టిన చీటీ మీద మాత్రం 'స్టోరు గది' అని ఉంది. ఆయన దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు.

"చూడండి" అంది బంకమ్మ జనం మధ్యలోకి వచ్చి. "ఇన్నాళ్ళూ చూడమని నేను మిమ్మల్ని పిలిచేదాన్ని. ఇప్పుడు పంపొద్దని మీరు నాతో పోట్లాడుతున్నారు. నాకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ బొమ్మ వెళ్తుంది. ఇంకా చూడాల్సినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. మీకు అంత బెంగగా ఉంటే మీరూ రండి. దాన్ని ఎలా తిప్పాలో మీకే తెలుసు."

ఆ మాటతో గొడవ చల్లారి, బస్సు ఎవరు మాట్లాడాలన్న కొత్త గొడవ మొదలైంది. చిత్రశాల ఆవిడ రైలుకు వేళవుతోందని సంచీలోంచి ఓ ఫారం తీసి బంకమ్మకు ఇచ్చింది. బంకమ్మ నిలబడే, సూర్యుడి మీదే కాగితం పెట్టి, గడులు నింపింది. కొలత నాలుగడుగులు. వాడిన వస్తువులు అన్న గడి చాలక వెనక వైపు కూడా రాసింది. మోయడానికి కావలసిన మనుషులు ఆరుగురు, చెప్పడానికి ఒకరు. ఇదివరకు ఎక్కడైనా ప్రదర్శించారా, చూసినవారి స్పందన ఏమిటి అన్న ఆఖరి గడి దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, ఇలా రాసి సంతకం పెట్టింది: "ఒకసారి. తలుపు తెరుచుకుంది."